ఏసయ్య నెమలి

నంద్యాలలో తొంభై ఏడుకీ రెండువేల తొమ్మిదికీ మధ్య మీ ఇంట్లో పెళ్ళి జరిగిందా? అయితే ఆ పత్రిక వెతికి తీయండి. పైన ఎడమ మూలలో నెమలి బొమ్మ ఉంటే అది మా ఏసయ్య చేతి పనే. పెళ్ళికే కాదు, గృహప్రవేశానికీ నెమలే, చర్చి పండగ కరపత్రానికీ నెమలే, మా కాలేజీ సర్టిఫికెట్లకీ నెమలే. ఒకసారి ఎవరిదో పెద్దకర్మ కార్డు మీద కూడా పెట్టేశాడు. పోయినాయన కొడుకులు అంగడికొచ్చి కొట్టినంత పని చేశారు. “మీ నాయన మంచోడప్పా, నెమలికి తగినోడు” అని ఏదో సర్ది చెప్పి బయటపడ్డాడు.

గాంధీచౌక్ పక్క సందులో అతని డీటీపీ అంగడి. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వాటికి కప్పడానికి భార్య ప్రేమకుమారి కుట్టిన పూలగుడ్డ. నేను డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. నాగవేణి మేడం అంటే పిల్లలు పుస్తకం ఆలస్యంగా తేవడానికి జడిసేవాళ్ళు. నా నోరు అలాంటిది మరి. ఆ నోటికి జడవని వాడు ఊళ్ళో ఏసయ్య ఒక్కడే. ఎంత తిట్టినా నవ్వుతూ, “మేడం, పేజీ సూడు, ఎంత ముచ్చటగా వచ్చిందో” అనేవాడు. పేజీ ముచ్చటగా ఉండాలి, అంతే. అందులో ఏముందో అతనికి అక్కర్లేదు.

ముచ్చట తర్వాత అతనికి ఇంకొక పట్టుదల ఉండేది. అక్షరం చెదరకూడదు. దాని వెనక ఒక కథ ఉంది. తొంభై తొమ్మిదిలో ఒక పెళ్ళిపత్రిక తయారుచేసి, అచ్చు వెయ్యమని కర్నూలు పంపాడు. అక్కడి కంప్యూటర్లో ఇతని తెలుగు ఫాంటు లేదు. పెళ్ళికొడుకు పేరున్న చోట డబ్బాలూ చుక్కలూ ఆశ్చర్యార్థకాలూ అచ్చయి వచ్చాయి. పెళ్ళికూతురి మేనమామ ఆ కార్డు పట్టుకొచ్చి, “ఏందప్పా ఇదీ? మేం పిల్లనిచ్చేది ఈ డబ్బాకా?” అని అరిచాడట. ఆ రోజు నుంచి ఏసయ్య ఏది చేసినా ప్రతి పేజీనీ ఫొటోలాగా మార్చేసి కానీ బయటికి పంపేవాడు కాదు. ఫొటోలో అక్షరం ఎక్కడికి పోతుంది? ఈ ఉపాయం తానే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకునేవాడు.

రెండువేల తొమ్మిది జనవరిలో మా కాలేజీ సెమినార్ వ్యాసాలు సీడీగా తేవాలని ప్రిన్సిపాల్‌గారికి కోరిక పుట్టింది. నల్లమల చుట్టుపక్కల చరిత్ర మీద ఇరవై ఆరు వ్యాసాలు, మూడువందల పన్నెండు పేజీలు, నలభై ఒక్క ఫొటోలు. పని ఏసయ్యకి అప్పగించింది నేనే. చూసి బాగుందన్నదీ నేనే. నిజంగానే బాగుంది. పేజీకో అంచు, వ్యాసానికో నెమలి. ఏసయ్య అలవాటుగా అన్నీ ఫొటోలు చేసి ఇచ్చాడు. రెండువందల సీడీలు కాలేజీలకు పంపాము. ఆ రోజు నేనెంత గొప్ప పని చేశాననుకున్నానో తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఆళ్ళగడ్డ నుంచి దెబోరా వచ్చింది. అక్కడ జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి రెండు కళ్ళూ పోయాయి. చేతికర్రతో బస్సు దిగి, దారి అడుగుతూ నేరుగా నా బల్ల ముందుకొచ్చి, సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి పెట్టింది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. మా సీడీ పెట్టి మీట నొక్కింది. అది గొంతు సవరించుకున్నట్టు ఆగి, “బొమ్మ” అంది. ఇంకో పేజీ తిప్పితే మళ్ళీ “బొమ్మ”. ఇంకోటి, “బొమ్మ”.

“మూడు నూర్ల పన్నెండు సార్లు ఇదే అంటాది మేడం,” అంది దెబోరా. “నిన్న మొత్తం విన్నా. యాడైనా ఒక్కచోట ఇంకో మాట అంటాదేమోనని.”

ఆమె తొందరకు కారణం ఉంది. ఆరేళ్ళు కష్టపడి పరిశోధన రాసి ఇచ్చింది. ఇంక పన్నెండు రోజుల్లో వైవా, అంటే పెద్దల ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పే పరీక్ష. ఆమె విషయం వీరగల్లులు. పోయినవాళ్ళ జ్ఞాపకంగా ఊరి పొలిమేరలో నిలబెట్టిన రాళ్ళు. సంజామల నుంచి మహానంది దాకా తిరిగి డెబ్భై మూడు రాళ్ళను చేత్తో తడిమి చదివింది. ఇవన్నీ యుద్ధంలో చచ్చినవాళ్ళవి కావు, పనిలో చచ్చినవాళ్ళవీ ఉన్నాయని ఆమె వాదన. పరీక్షించడానికి వచ్చేది వరదరాజులుగారు. అహోబిలం పండిత కుటుంబం, రిటైరైన ప్రొఫెసర్. అన్నీ యుద్ధవీరులవేనని ఆయన వాదన. మా సీడీలో ఆయన వ్యాసమూ ఉంది. దానికి ఆయన ఆధారం పగిడ్యాల అవతల ఒక ఊరి రాయి. ఆ రాయి రోడ్డు వేసేటప్పుడు పగిలిపోయింది. మిగిలింది ఆయన తీసిన ఫొటో ఒక్కటే.

“డెబ్భై మూడు తడిమినా మేడం. ఆ ఒక్కటి నా చేతికి దొరకల్యా. సారు అడిగేది దాన్నే. చెప్పలేకపోతే ఆరేండ్లు బూడిదలో పోసినట్లే.”

నేను తెలివిగా, “ఎవరి చేతైనా చదివించుకోకూడదా అమ్మా?” అన్నాను. లైబ్రేరియన్ అడగాల్సిన ప్రశ్నేనా అది?

“మా అమ్మ ఎస్తేరు చదువుతాది. పొయ్యి మీద ఎసరు పెట్టి కూర్చుంటాది. ఎసరు కాగితే రెండు పేజీలు ఒకేసారి తిప్పేస్తాది. అడిగితే ఆడేం ల్యాదులేమ్మా అంటాది.” నవ్వింది. మళ్ళీ తనే, “ఇంకొకరు చదివితే వాళ్ళు ఆగిన చోట నేను ఆగాల మేడం. నేను ఆగాలనుకున్న చోట ఆగేదెట్ల?” అంది.

నాకు సిగ్గేసింది. జీవితమంతా పుస్తకాల మధ్య కూర్చున్నదాన్ని, ఈ మాట నాకు ఒక్కసారీ తట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఏసయ్య అంగడికి తీసుకుపోయాను.

ఏసయ్య సీడీ చూడగానే మొహం వెలిగించుకుని, “బాగుంది గదా మేడం? ఆ అంచు కోసం మూడు రోజులు కూర్చున్నా,” అన్నాడు దెబోరాతో.

“బాగుందో లేదో నువ్వే చెప్పాలన్నా. నా మిషను బొమ్మ అని మాత్రం చెప్తాంది.”

ఏసయ్యకు సంగతి అర్థం కావడానికి అరగంట పట్టింది. ఫొటో చేసెయ్యడం వల్ల అక్షరమే లేకుండా పోయిందని విన్నాక మొహం మాడ్చుకున్నాడు. సరే, ఫొటో చెయ్యక ముందటి ఫైలు ఇస్తానన్నాడు. అది పెడితే మిషను ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిపి ఏదో తిట్టినట్టు చదివింది. ఆ పాత ఫాంటు తెర మీద చూడ్డానికే తెలుగు. లోపలంతా వేరే సరుకు. యూనికోడ్ అనే కొత్త పద్ధతిలో ఉంటే తప్ప మిషనుకు అది తెలుగని తెలీదట.

“అంటే పన్నెండేండ్ల నుంచి నేను తెలుగు కొట్టల్యా?” అన్నాడు ఏసయ్య.

“కళ్ళున్నోళ్ళకి కొట్టినావన్నా,” అంది దెబోరా.

మాఘమాసం. పెళ్ళిళ్ళ కాలం. అంగడి ముందు నలుగురు కార్డుల కోసం నిలబడి ఉన్నారు. ఏసయ్య వాళ్ళ వంక చూశాడు, దెబోరా వంక చూశాడు. “పది రోజులు కార్డులు చెయ్యను. వేరే అంగడికి పోండప్పా,” అన్నాడు. ఇతను పిచ్చోడా ఏందని వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. నేనూ అదే అనుకున్నాను, కానీ ఆ పూట మొదటిసారి అతని మీద గౌరవం కలిగింది.

పాత ఫాంటును కొత్తదానిలోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. అది సగం మార్చి సగం పాడుచేసింది. ప్రేమకుమారి పక్కన కూర్చుని కాగితం చూసి చదువుతుంటే ఏసయ్య దిద్దుతూ పోయాడు. మొదటిసారిగా అతను తన పేజీల్లో ఏముందో చదివాడు. “మేడం, పదకొండో వ్యాసమాయన, పంతొమ్మిదో వ్యాసమాయన ఒకటే రాసినారు, సూడు,” అని పట్టుకొచ్చాడు. నిజమే, పేరాలకు పేరాలు ఒకటే. ఇరవై ఆరు వ్యాసాలు ఎంపిక చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. మాట మార్చి కాఫీ తెప్పించాను.

ఫొటోల దగ్గర పని ఆగిపోయింది. ఒక్కో ఫొటో వెనక అందులో ఏముందో రాసి దాచాలి. అది తెర మీద కనిపించదు, మిషను మాత్రం చదువుతుంది. ఏసయ్య ఒక్క గంటలో నలభై ఒకటీ రాసి ఈమెయిలు పంపాడు. సాయంత్రం దెబోరా ఫోను చేసింది.

“అన్నా, ఒకటో బొమ్మ గుడి. రెండో బొమ్మ ఇంకో గుడి. మూడో బొమ్మ రాయి. నాలుగు, పెద్ద రాయి. ఏందిదీ, రాళ్ళ అంగడి పెట్టినావా?”

ఏసయ్య రోషపడి మళ్ళీ రాశాడు. ఈసారి ప్రతి బొమ్మకీ నాలుగు లైన్లు. నేను కూడా చదివి మెచ్చుకున్నాను. మర్నాడు మళ్ళీ ఫోను.

“చూడటానికి రెండు కళ్ళూ చాలవు అని రాసినావు. రెండున్న నీకే చాలకపోతే నా గతేందన్నా?”

నాకు నవ్వాగలేదు. ఏసయ్య నవ్వలేదు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, “అందంగా ఉంది అంటే సాలదా మేడం? ఇంకేం రాయాల?” అని అడిగాడు. నాకూ తెలీదు. ఆ బొమ్మలు నేనూ వందసార్లు చూసినవే, కళ్ళు మూసుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

మర్నాడు అతను ఫొటోల ప్రింట్లు తీసుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. అక్కడ సుంకన్న అని రాతిపనాయన, అతనికి పాత పరిచయం. విగ్రహాలు చెక్కేవాళ్ళయితే బొమ్మ గురించి చెప్పగలరని అతని ఆలోచన. సుంకన్న ఉలి పక్కన పెట్టకుండానే విన్నాడట.

“అందం అందం అంటాండావ్. మేమెప్పుడన్నా అందం చెక్కినామా? ముక్కు చెక్కుతాం. చెవి చెక్కుతాం. వేలు చెక్కుతాం. ముందు రాయి ఎంతుందో చెప్పు. మళ్ళా నడిమిట్లో ఎవరున్నారో చెప్పు. మళ్ళా ఏ చేతిలో ఏముందో చెప్పు. యాడేముందో నువ్వు చెప్తే అందం ఆయమ్మే చూసుకుంటాది.”

ఆ రోజంతా ఏసయ్య సుంకన్న పక్కన దుమ్ములో కూర్చుని ఒక్కో ఫొటో చూపించి నోటుబుక్కులో రాసుకున్నాడు. తిరిగొచ్చాక నలభై ఒక్క బొమ్మలకూ మళ్ళీ రాశాడు. వైవాకు రెండు రోజుల ముందు కొత్త సీడీ దెబోరా చేతికి చేరింది. అంచుల్లేవు, నెమళ్ళు లేవు. వ్యాసాల శీర్షికలు ఎక్కడున్నాయో మిషనుకు తెలిసేలా గుర్తులు మాత్రం ఉన్నాయి. ప్రిన్సిపాల్‌గారు ఆ సీడీ తెరిచి, “ఏమిటిది, విధవరాలిలా ఉంది?” అన్నారు. ఆయన మాటకు నాకు ఒళ్ళు మండి, “మీరు చదివేవారైతే కదా సార్, ఎలా ఉంటే ఏం?” అన్నాను. వారం రోజులు మాట్లాడలేదు ఆయన.

వైవా యూనివర్సిటీలో, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. నేను సెలవు పెట్టాను. ఏసయ్య ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కాతో వచ్చి చివరి బెంచీలో గోడకు నక్కి కూర్చున్నాడు. దెబోరా తల్లి ఎస్తేరు మాతోనే ఉంది, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

వరదరాజులుగారు తెల్లపంచె, తిరునామం, మెత్తని మాట. గంటసేపు ప్రశ్నలడిగారు, అన్నిటికీ జవాబు చెప్పింది. ఆఖరికి నేను భయపడుతున్న ప్రశ్నే వచ్చింది.

“పగిడ్యాల రాయి గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. కత్తి దూసిన వీరుడు. మీ వాదనకు అడ్డమని వదిలేశారా?”

“కాదు సార్. అప్పుడు దాంట్లో ఏముందో నాకు తెలీదు. పోయిన రెండు రోజుల్లోనే చదివినా. దాంట్లో ఉండేది కత్తి కాదు సార్.”

ఎస్తేరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వరదరాజులుగారు కోప్పడలేదు. “అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఆ రాయి మీరు తడమలేదు. ఎలా చెప్తున్నారు?” అని అడిగారు.

దెబోరా ల్యాప్‌టాప్ మీట నొక్కింది. మిషను తెలుగు కొత్తగా నేర్చుకున్న దొరలాగా, ఒకే గొంతుతో చదవడం మొదలుపెట్టింది.

“బొమ్మ పదిహేడు. రాయి నిలువుగా ఉంది. కుడి మూల విరిగింది. నడిమిట్లో ఒక మగమనిషి. తలపాగా ఉంది. కుడిచెయ్యి పైకెత్తినాడు. ఆ చేతిలో పొడుగాటి కర్ర, కర్ర కొసకి చిన్న కొడవలి మాదిరి కట్టి ఉంది. ఎడమ భుజం నుంచి నడుము దాకా తాడు చుట్టలు. నాలుగు లెక్కపెట్టినా. నడుముకి సొరబుర్ర మాదిరి ఒకటి వేలాడతాంది. గుర్రం ల్యా. శత్రువు ల్యా. కింద సారు కత్తి దూసిన వీరుడు అని రాసినాడు. నాకు కత్తి కనపడల్యా. ఆళ్ళగడ్డ సుంకన్నకి చూపించినా. పిడి లేని కత్తి ఎవడు చెక్కుతాడు అన్నాడు. సారు పెద్దాయన, నేను పెళ్ళిపత్రికలోణ్ణి. ఉన్నది రాసినా.”

ఏసయ్య బెంచీ కిందికి జారిపోయాడు. ఈ రాసినవి దెబోరా ఒక్కతే వింటుందనుకున్నాడు పాపం. ఎవరో కిసుక్కున నవ్వారు.

“నల్లమలలో కొండతేనె తీసేవాళ్ళు ఇప్పటికీ తాడు, కర్ర, సొరబుర్రతోనే దిగుతారు సార్,” అంది దెబోరా. “ఈయన యుద్ధంలో పోలేదు. తేనెపట్టు తీస్తా పోయినాడు.”

వరదరాజులుగారు తన వ్యాసం ప్రింటు తెప్పించుకున్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కిటికీ దగ్గరికి పోయి వెలుతుర్లో పట్టుకుని చూశారు. ఎంతసేపో చూశారు. వెనక్కి వచ్చి కూర్చుని, “ఈ ఫొటో తీసింది నేనే. ఇరవై రెండేళ్ళయింది. ఎన్ని సభల్లో చూపించానో,” అన్నారు. మళ్ళీ ఫొటో వంక చూసి, “తాడు ఉంది. నాలుగు చుట్టలే,” అన్నారు. ఆ మాటకు ఎస్తేరు అక్కడే ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. దెబోరా డాక్టరు అయిపోయిందని కమిటీ చెప్పకముందే మాకు తెలిసిపోయింది.

“ఈ పెళ్ళిపత్రికలాయన ఎవరు?” అన్నారు వరదరాజులుగారు చివర్లో.

“వెనకాల ఉంటాడు సార్. ఈపాటికి పారిపోతాంటాడు, పట్టుకోండి,” అంది దెబోరా.

తిరుగు బస్సులో అందరం ఉషారుగా ఉన్నాం. ఏసయ్య తెల్లచొక్కా కాలరు ఎత్తి కూర్చున్నాడు. తనకి శాలువా కప్పలేదన్న బాధ తప్ప ఇంకేం లేదు. అప్పుడు దెబోరా అడిగింది, “అన్నా, అందరూ నీ నెమలి, నీ నెమలి అంటారు. ఎట్లుంటాది అది?”

“నెమలంటే నెమలేమ్మా. మెడ తిప్పి ఉంటాది.”

“ఏ పక్కకి?”

“అది... కుడి. కాదు, ఎడమ.”

“ఈకలెన్ని?”

“శానా.”

“కాళ్ళు?”

“కాళ్ళు కిందుంటాయి గదమ్మా, యాడుంటాయి!”

“రాళ్ళ అంగడే మళ్ళా,” అంది దెబోరా. బస్సులో మేమందరం నవ్వాం. ఏసయ్య మాత్రం ఎత్తిన కాలరు దించుకున్నాడు. నంద్యాలలో దిగేటప్పుడు, “చూసి చెప్తాలేమ్మా,” అన్నాడు.

మర్నాడు కాలేజీకి పోతూ అంగడి దగ్గర ఆగాను. తెర నిండా నెమలి. ఎంత పెద్దగా చెయ్యొచ్చో అంత పెద్దగా చేసి, దాని ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు ఏసయ్య. ప్రేమకుమారి అతని వెనక నిలబడి ఉంది.

“మేడం,” అన్నాడు. “ఒక్కటే కాలుంది.”

నేను నమ్మలేదు. వంగి చూశాను. మెడ కుడివైపుకే తిరిగి ఉంది. ఈకలు పదమూడు. కాలు ఒక్కటే. రెండోది ముడుచుకుందనుకోవడానికి కూడా లేదు, గీసినవాడెవడో మర్చిపోయాడంతే. నంద్యాల డివిజన్‌లో పన్నెండేళ్ళ పాటు పెళ్ళయిన ప్రతి జంటా ఆ కార్డు చూసింది. మేనమామలు చూశారు, పురోహితులు చూశారు, పాస్టర్లు చూశారు. ఇంటికి పోయి మా అమ్మాయి పెళ్ళిపత్రిక తీశాను. దాని ప్రూఫు నేను మూడుసార్లు దిద్దాను. ఒక్క కాలే.

మళ్ళీ అంగడికొచ్చేసరికి ఏసయ్య దెబోరాకు ఫోను చేసి ఉన్నాడు. స్పీకరు పెట్టి, సుంకన్న నేర్పిన వరసలోనే, ఎంతుందో, ఏముందో, ఎక్కడుందో చెబుతున్నాడు. కాలు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

అవతల దెబోరా నవ్వుతూనే ఉంది. “పన్నెండేండ్లు దాన్ని ఒంటికాలి మీద నిలబెట్టినావా, పాపిష్టోడా!”

“నవ్వొద్దమ్మా. నాకు సిగ్గుతో సచ్చేటట్లుంది. ఈ పొద్దే ఇంకో కాలు గీపిస్తా.”

“ఎందుకన్నా?” అంది దెబోరా. “అన్ని పెళ్ళిళ్ళూ ఒక్క కాలితోనే చేసింది గదా.”

ఏసయ్య ఫోను పెట్టేసి నా వంక చూశాడు. తర్వాత రెండో కాలు గీపించలేదతను. ఆ వారం వచ్చిన మొదటి పెళ్ళిపత్రిక దెబోరాదే, వైవా అయితే గానీ పెళ్ళి వద్దని ఆపి పెట్టుకుందట. పేరు మారలేదు, ముందు డాక్టరు చేరింది. ఈమెయిల్లో వచ్చిన ఆ కార్డును నా కంప్యూటర్లో చూస్తే మామూలు నెమలే. ఆమె మిషను మాత్రం దాన్ని ఇట్లా చదివిందట: “నెమలి. మెడ కుడికి తిప్పింది. ఈకలు పదమూడు. కాలు ఒకటి. నిలబడింది.”